ఎలినార్ పక్షాన ఒకే ఒక్కరు

పిస్కాటవేలో ఉండే మనవాళ్లకు ల్యాండింగ్ లేన్ వంతెన బాగా తెలుసు. రివర్ రోడ్డు మీద నుంచి మలుపు తిరిగి రారిటన్ నదిని, దాని పక్కనే సాగే పాత కాలువను దాటితే అవతల ఈస్టన్ అవెన్యూ తగులుతుంది. ఎడమకు పోతే బక్లూ పార్కు, ఆ పైన న్యూ బ్రన్‌స్విక్ ఊరు. కుడికి పోతే సోమర్‌సెట్. ఆ వైపున వచ్చే ఫ్రాంక్లిన్ బులెవార్డ్ ఇప్పుడు ఇళ్లతో నిండిన మామూలు రోడ్డు. వందేళ్ల కిందట దాని పేరు డెరస్సీ లేన్. అప్పుడది పొలాల మధ్య మట్టిబాట. పక్కన పాడుబడిన ఒక ఫారం. ఊరివాళ్ల కంట పడకుండా కలుసుకోవాలనుకున్న జంటలు వచ్చే చోటు.

1922 సెప్టెంబర్ 16, శనివారం ఉదయం. ఒక యువకుడు, అతనితో పదిహేనేళ్ల అమ్మాయి ఆ బాటలో నడుస్తున్నారు. చిన్న పుల్లటి యాపిల్ కాయలు కాసే చెట్టు కింద ఇద్దరు పడుకుని కనిపించారు. మొదట నిద్రపోతున్నారనుకున్నారు. దగ్గరికి వెళ్లాక తెలిసింది, ఇద్దరికీ ప్రాణం లేదు. మగమనిషి వెల్లకిలా ఉన్నాడు. కళ్లజోడు కళ్లకే ఉంది, టోపీ ముఖం మీద కప్పి ఉంది. ఆమె తల అతని చేతి మీద ఉంది, ఆమె మెడ చుట్టూ స్కార్ఫ్ ఉంది. ఇద్దరి మధ్యా చింపిన ఉత్తరాల ముక్కలు. అతని కాలి దగ్గర, అందరికీ కనపడాలన్నట్టు, అతని పేరు అచ్చేసిన కార్డు ఆనించి ఉంది. ఆ శవాలు అలా పడిపోలేదు. ఎవరో వాటిని అలా సర్ది పడుకోబెట్టారు.

కార్డు మీద ఉన్న పేరు రెవరెండ్ ఎడ్వర్డ్ వీలర్ హాల్. వయసు 41. న్యూ బ్రన్‌స్విక్‌లోని సెయింట్ జాన్ ది ఎవాంజలిస్ట్ ఎపిస్కోపల్ చర్చికి సంఘకాపరి. ఆమె పేరు ఎలినార్ మిల్స్. వయసు 34. అదే చర్చి క్వయర్‌లో పాడే మనిషి. అదే చర్చిలో ఊడ్చి తుడిచి తాళాలు చూసుకునే జేమ్స్ మిల్స్ భార్య. ఇద్దరు పిల్లల తల్లి.

హాల్‌కు తల దగ్గర ఒకే తూటా దెబ్బ. ఎలినార్‌కు మూడు తూటాలు, ఆ పైన గొంతు కోశారు. తర్వాత జరిపిన పరీక్షలో ఆమె నాలుక, స్వరపేటిక కోసి తీసేశారని బయటపడింది. పాటతో బతికిన మనిషికి ఆ గొంతే లేకుండా చేశారు. ఎవరు చేశారో ఈ రోజుకీ కోర్టు తేల్చలేదు. చేసినవాళ్ల కోపం ఎవరి మీద ఎక్కువో మాత్రం ఆ గాయాలే చెబుతున్నాయి.

ఇంగ్లండులో విక్టోరియా రాణి కాలంలో వచ్చిన పల్లె నవలలు చదివినవాళ్లకు ఈ మనుషులు ఎక్కడో చూసినట్టే ఉంటారు. కలిగిన ఇంటివాడు, కూలి ఇంటి ఆడమనిషి, మధ్యలో చర్చి, చుట్టూ ఊరు. జార్జ్ ఎలియట్ 1859లో రాసిన ఆడమ్ బీడ్‌లో హెట్టీ అనే పల్లెటూరి పిల్ల జమీందారు మనవణ్ని ప్రేమించి, బిడ్డ చావుకు కారణమై ఉరికంబం దాకా వెళుతుంది. థామస్ హార్డీ 1891లో రాసిన టెస్‌లో బండి తోలుకునే పేదవాడి కూతురు, తన తప్పు లేకుండా జరిగినదానికి జీవితమంతా మూల్యం కట్టి చివరికి ఉరికంబం ఎక్కుతుంది. వీటిని రచయితలు గాలిలోంచి అల్లలేదు. 1802లో నాటింగ్‌హమ్‌లో ఉరితీసిన మేరీ వోస్ అనే యువతితో ఎలియట్ పినతండ్రి భార్య జైలుగదిలో చివరి రాత్రి గడిపింది. ఆ సంగతి ఆమె నోట విన్న ఎలియట్ నవల రాసింది. 1856 ఆగస్టు 9న డార్చెస్టర్ జైలు బయట మార్తా బ్రౌన్ అనే ఆమెను, భర్తను చంపిందని, జనం చూస్తుండగా ఉరితీశారు. ఆ జనంలో పదహారేళ్ల హార్డీ ఉన్నాడు. ఆ దృశ్యం ముసలితనం దాకా అతన్ని వదలలేదు.

ఆ నవలలన్నిటికీ కింద ఒక చట్టం ఉంది. 1857లో ఇంగ్లండులో విడాకుల చట్టం వచ్చింది. భార్య పరాయి మగవాడితో పోయిందని రుజువైతే భర్తకు విడాకులు దొరికేవి. భర్త పరాయి స్త్రీతో పోయాడన్నది మాత్రం భార్యకు చాలేది కాదు. దానితోపాటు క్రూరత్వమో, వదిలేసి పోవడమో ఇంకొకటి రుజువు చేయాలి. ఈ తేడా పోవడానికి 1923 దాకా పట్టింది. అంటే ఎలినార్ చనిపోయిన మరుసటి ఏడాది దాకా. ఆమె ఉన్నది అమెరికాలో, నిజమే. కానీ ఆమె వెళ్లే ఎపిస్కోపల్ చర్చి ఇంగ్లండు చర్చి కడుపున పుట్టినదే. విడాకులు తీసుకున్నవాళ్లలో, ఎదుటివారి వ్యభిచారం వల్ల విడిపోయిన నిర్దోషికే ఆ చర్చి మళ్లీ పెళ్లి చేసేది. తప్పు చేసిన పక్షానికి తలుపులు మూసేది. ఇక ఆ తప్పు చేసినవాడు పాస్టరే అయితే ఉద్యోగం, ఇల్లు, పరువు అన్నీ ఒక్కరోజులో పోతాయి.

ఎడ్వర్డ్ హాల్ బ్రూక్లిన్‌లో పుట్టాడు. 1909లో న్యూ బ్రన్‌స్విక్ వచ్చాడు. 1911లో తన సంఘంలోనే ఉన్న ఫ్రాన్సెస్ స్టీవెన్స్‌ను పెళ్లి చేసుకున్నాడు. ఆమె అతనికంటే ఏడేళ్లు పెద్ద. ఊళ్లో పాతకాలపు కలిగిన కుటుంబం. జాన్సన్ అండ్ జాన్సన్ సంస్థవాళ్లతో చుట్టరికాలు ఉన్నవాళ్లు. నికల్ అవెన్యూలో పెద్ద ఇల్లు, పనివాళ్లు. ఆ ఇంట్లోనే ఆమె అన్న విలియం కూడా ఉండేవాడు. ఊరందరికీ విల్లీ. లోకం పోకడ అంతగా పట్టని మనిషి. అగ్నిమాపక కేంద్రం దగ్గర కూర్చుని అక్కడివాళ్లతో కబుర్లు చెప్పడం అతని సరదా.

అక్కడికి కొద్ది దూరంలో, చర్చికి దగ్గరగా, కార్మన్ స్ట్రీట్‌లో మిల్స్ వాళ్ల అద్దె ఇల్లు. జేమ్స్ బడిలో కాపలా, ఊడ్పు పని చేసేవాడు. చర్చి పని అదనం. ఎలినార్‌కు చిన్న వయసులోనే పెళ్లయింది. పెద్దది చార్లెట్, అప్పటికి పదహారేళ్లు. చిన్నవాడు డేనియల్. ఎలినార్ రోజు చర్చితో మొదలై చర్చితో ముగిసేది. పాడేది, సంఘం పనులన్నీ భుజాన వేసుకునేది. ఆ పనుల్లోనే హాల్‌కు దగ్గరైంది. ఈ సంగతి క్వయర్‌లోవాళ్లకు తెలుసు, సంఘంలో గుసగుసలు నడిచాయి. పెద్దింటి భర్త, పేదింటి భార్య ఒకే చర్చి కప్పు కింద రోజూ కలుస్తుంటే ఊరికి ఎన్నాళ్లు తెలియకుండా ఉంటుంది?

వాళ్లు ఒకరికొకరు ఉత్తరాలు రాసుకున్నారు, పుస్తకాలు ఇచ్చిపుచ్చుకున్నారు. ఎలినార్ నవలలు తెగ చదివేది. చదివినవాటి గురించి ఉత్తరాల్లో రాసేది. వాటిలో ఒకటి సైమన్ కాల్డ్ పీటర్. రాసినది రాబర్ట్ కీబుల్. అతను ఇంగ్లండు చర్చిలో పాస్టర్‌గా ఉండి బయటికి వచ్చేసిన మనిషి. ఆ నవల కథ కూడా యుద్ధకాలంలో ప్రేమలో పడిన ఒక పాస్టర్ గురించే. ఇంట్లో గిన్నెలు తోముకునే ఒక ఆడమనిషి ఆ పుస్తకాన్ని ఎలా చదివి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. తనకు జరుగుతున్నది లోకంలో ఇంకెవరికో కూడా జరిగిందని, అది అచ్చులో కూడా వచ్చిందని ఆమెకు ఎంత ఊరట కలిగి ఉంటుంది! ఒక ఉత్తరంలో ఆమె రాసిన మాటల సారం ఇది: నాకన్నా అందమైన ఒళ్లున్న ఆడపిల్లలు ఉన్నారని తెలుసు, వాళ్లకున్నదాని గురించి నాకు దిగుల్లేదు, నాకు దొరికిన ప్రేమ చాలు. ఈ ఉత్తరాన్ని తర్వాత అమెరికా అంతా చదివి నవ్వింది. నాకు మాత్రం అందులో నవ్వే మాట ఒక్కటీ కనిపించలేదు.

ఇక ఆ గురువారం, సెప్టెంబర్ 14. సాక్షులు చెప్పినదాన్ని బట్టి ఆ రోజును ఇలా కూర్చుకోవచ్చు.

ఎలినార్ ఆ రోజు పేపరు చూసింది. అందులో న్యూయార్క్ పాస్టర్ పెర్సీ స్టిక్నీ గ్రాంట్ విడాకుల గురించి చెప్పిన అభిప్రాయాలు వచ్చాయి. చర్చి ఈ విషయంలో మెత్తబడాలని వాదించేవాడాయన. ఆమె ఆ ముక్కను కత్తిరించి హాల్ చూడాలని ఉంచింది. ఆమె మనసులో ఏముందో అంతకన్నా స్పష్టంగా చెప్పే సాక్ష్యం ఈ కేసులో ఇంకొకటి లేదని నేననుకుంటాను. చాటుమాటుగా కలుసుకోవడం ఆమెకు చాలలేదు. దారి ఉందా అని వెతుకుతోంది. చర్చి పెద్దల్లోనే ఒకాయన దారి ఉండాలంటున్నాడు. ఆ మాటను తనవాడికి చూపించాలనుకుంది.

సాయంత్రం హాల్ ఇంటికి ఫోన్ వచ్చింది. ముందు ఎత్తింది పనిమనిషి లూయీజ్ గైస్ట్. ఆ తర్వాత హాల్ మాట్లాడాడు. ఆ ఏడాది మొదట్లో ఎలినార్‌కు కిడ్నీ ఆపరేషన్ జరిగింది. ఆ ఆసుపత్రి బిల్లు విషయం మాట్లాడి రావాలని భార్యతో చెప్పి అతను బయటికి వెళ్లాడు. ఎలినార్ తన ఇంటి దగ్గర బయల్దేరుతుంటే ఎక్కడికని జేమ్స్ అడిగాడు. "నా వెనకాలే వచ్చి చూసుకో" అందామె. భర్త కోర్టులో చెప్పిన మాట ఇది. అతను వెళ్లలేదు. ఆమె ఈస్టన్ అవెన్యూ ట్రాలీ బండి ఎక్కి బక్లూ పార్కు దగ్గర దిగిందని చూసినవాళ్లు చెప్పారు. ఆ తర్వాత ఆ ఇద్దరినీ ప్రాణాలతో చూశామని అందరూ నమ్మేలా చెప్పగలిగినవారు లేరు.

ఆ రాత్రి రెండు ఇళ్లలోనూ నిద్ర లేదు. జేమ్స్ చర్చికి వెళ్లి చూశాడు, భార్య లేదు. తెల్లవారుజామున రెండు గంటల తర్వాత ఫ్రాన్సెస్, అన్న విల్లీని వెంటబెట్టుకుని, భర్తను వెతుక్కుంటూ అదే చర్చికి వెళ్లింది. శుక్రవారం ఉదయం ఆ చర్చిలోనే ఫ్రాన్సెస్‌కు జేమ్స్ ఎదురుపడ్డాడు. ఇద్దరూ కలిసి లేచిపోయారంటారా అని అతను అడిగాడట. దేవుడికే తెలియాలి, వాళ్లు చనిపోయి ఉంటారని, అందుకే రాలేకపోయారని ఆమె అందని జేమ్స్ తర్వాత చెప్పాడు. ఈ మాట చుట్టూ ఏళ్ల తరబడి అనుమానాలు అల్లుకున్నాయి. తెల్లవార్లూ భర్త కోసం ఎదురుచూసిన ఏ భార్య నోటి నుంచైనా ఆ మాట రావచ్చు. వేరే కారణంతో కూడా రావచ్చు. ఒక్క మాటను పట్టుకుని ఏదీ తేల్చలేం.

శవాలు దొరికిన క్షణం నుంచే కేసు చేజారడం మొదలైంది. చంపబడినవాళ్లు న్యూ బ్రన్‌స్విక్ మనుషులు, అది మిడిల్‌సెక్స్ కౌంటీ. శవాలున్న నేల ఫ్రాంక్లిన్ టౌన్‌షిప్‌ది, అది సోమర్‌సెట్ కౌంటీ. కేసు ఎవరిదన్నది తేలక రెండు కౌంటీల అధికారులు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. వాళ్లు తేల్చుకునేలోపు జనం వచ్చిపడ్డారు. కార్లు బారులు తీరాయి. ఆ చెట్టు బెరడు చెక్కుకుని జ్ఞాపికగా ఇళ్లకు పట్టుకెళ్లారు. తినుబండారాలు అమ్మేవాళ్లు బండ్లు పెట్టారు. పాడుబడిన ఫారం ఇంట్లో చేతికి అందినది మిగలలేదు. హాల్ పేరున్న కార్డు చేతులు మారింది. ఇంత జరిగినా పూర్తి శవపరీక్ష జరగకుండానే ఇద్దరినీ పాతిపెట్టారు. హాల్‌ను బ్రూక్లిన్‌లోని గ్రీన్‌వుడ్ శ్మశానంలో, ఎలినార్‌ను నార్త్ బ్రన్‌స్విక్‌లోని వాన్ లూ శ్మశానంలో. తర్వాత ఆమె శవాన్ని మళ్లీ తవ్వి తీయాల్సి వచ్చింది.

ఆ తర్వాత ఎలినార్ ఉత్తరాలు పేపర్లకెక్కాయి. ఆమె రాసినవి, ఆమెకు వచ్చినవి, ముద్దుపేర్లతో సహా. ఇంటి గుట్టు అంగట్లో పడింది. ఇంట్లో మిగిలిన ఉత్తరాలు కూడా డబ్బుకు ఒక పేపరు చేతికి చేరాయి. ఆ ఇంట్లో ఎవరు ఏ అవసరంలో అలా చేశారో దూరం నుంచి తీర్పు చెప్పలేను. కానీ పేపర్లు చేసినది తీర్పుకు లొంగుతుంది. చంపినవాణ్ని వెతకడం కంటే చనిపోయిన ఆమె మనసును విప్పి చూపించడం వాళ్లకు గిట్టుబాటైంది.

ఎలినార్ కోసం నిలబడినది చార్లెట్ ఒక్కతే. పదహారేళ్ల పిల్ల. తండ్రి నెమ్మదస్తుడు, ఊళ్లో బతకాల్సినవాడు, ఉద్యోగం రెండు చోట్లా ఇంకొకరి దయ మీద ఉన్నవాడు. అతను గొంతెత్తలేదు. చార్లెట్ ఎత్తింది. అధికారులు ఏమీ చేయడం లేదని, తన తల్లిని చంపినవాళ్లను పట్టుకోవాలని న్యూజెర్సీ గవర్నర్‌కు ఉత్తరం రాసింది. పేపర్లవాళ్లను పిలిచి మాట్లాడింది. హంతకుడు దొరికేదాకా వదలనంది. ఊళ్లో చాలామంది ఆ పిల్లను మొండిఘటం అన్నారు, పేరు కోసం పాకులాడుతోందన్నారు. తల్లి పోయిన ఆడపిల్ల పెద్దగా ఏడవాలి కానీ పెద్దగా ప్రశ్నించకూడదన్నది ఏ దేశంలోనైనా ఊరి నియమమే కదా.

1922 నవంబర్‌లో సోమర్‌సెట్ కౌంటీ గ్రాండ్ జ్యూరీ ఐదు రోజులు సాక్షులను విన్నది. ఎవరి మీదా అభియోగం మోపకుండానే లేచిపోయింది. అప్పటికే జేన్ గిబ్సన్ అనే ఆమె ముందుకొచ్చింది. ఆ దగ్గర్లోనే పందులు పెంచుకుని బతికే బీదరాలు. పేపర్లు ఆమెకు పెట్టిన పేరు 'పందులావిడ'. ఆ రాత్రి తన పొలంలో దొంగలు పడ్డారేమోనని కంచరగాడిద ఎక్కి వెంబడించానని, దారిలో మనుషులు గొడవపడటం విన్నానని, ఉత్తరాల గురించి ఒక ఆడగొంతు నిలదీసిందని, తుపాకి చప్పుళ్లు విన్నానని ఆమె చెప్పింది. ఫ్రాన్సెస్ పేరు, ఆమె అన్నల పేర్లు చెప్పింది. కానీ చెప్పిన ప్రతిసారీ వివరాలు కొంచెం మారుతూ వచ్చాయి.

నాలుగేళ్లు గడిచాయి. 1926లో లూయీజ్ గైస్ట్‌ను పెళ్లాడిన మనిషి ఆ పెళ్లి రద్దు చేయమని కోర్టుకు వెళుతూ, నోరు మూసుకునేందుకు ఆమెకు 5,000 డాలర్లు ఇచ్చారని ఆరోపించాడు. ఆమె కాదంది. హర్స్ట్‌కు చెందిన డైలీ మిర్రర్ పేపరు దీన్ని పట్టుకుని ఊదరగొట్టింది. అప్పటి గవర్నర్ హ్యారీ మూర్ కేసు తిరగదోడమన్నాడు. జులై చివర్లో ఒక రాత్రివేళ ఫ్రాన్సెస్‌ను అరెస్టు చేశారు. నవంబర్ 3న సోమర్‌విల్ కోర్టులో ఫ్రాన్సెస్, ఆమె సోదరులు హెన్రీ, విలియం స్టీవెన్స్‌ల మీద విచారణ మొదలైంది. బంధువు హెన్రీ కార్పెండర్ మీద కూడా అభియోగం ఉంది. అతని విచారణ అసలు మొదలే కాలేదు. ప్రాసిక్యూటర్ జెర్సీ సిటీ నుంచి వచ్చిన సెనేటర్ అలెగ్జాండర్ సింప్సన్. అటువైపు డబ్బున్న కుటుంబం తెచ్చుకున్న పేరుమోసిన లాయర్ల బృందం. వందలమంది విలేకరులు ఆ చిన్న ఊళ్లో దిగారు.

నవంబర్ 18న జేన్ గిబ్సన్‌ను ఆసుపత్రి మంచంతో సహా కోర్టులోకి మోసుకొచ్చారు. అప్పటికి ఆమె జబ్బు మనిషి. పక్కన నర్సు, డాక్టరు. పడుకునే సాక్ష్యం చెప్పింది. ఆ గదిలోనే కూర్చున్న ఆమె కన్నతల్లి, కూతురు అబద్ధాలకోరని గొణుగుతూ ఉంది. డిఫెన్స్ లాయర్లు గిబ్సన్ చూసినదాని కంటే ఆమె గతాన్ని ఎక్కువగా తవ్వారు. ఎవరెవరిని పెళ్లాడావు, ఎప్పుడు, ఎక్కడ అని. మాటలు పొంతన కుదరలేదు. ఆమె సాక్ష్యంలో నిజమెంతో నాకు తెలియదు. ఒకటి మాత్రం కనిపిస్తుంది. చనిపోయిన పేదరాలి ఉత్తరాలు ఎలా బజారున పడ్డాయో, సాక్ష్యం చెప్పిన పేదరాలి పెళ్లిళ్లు కూడా అలాగే బజారున పడ్డాయి.

ఫ్రాన్సెస్ నల్లటి దుస్తుల్లో బోనెక్కి చాలా నిబ్బరంగా మాట్లాడింది. తన భర్త మీద తనకు అనుమానమే రాలేదంది. హత్య తర్వాత ఆమె ఒక గోధుమరంగు కోటును ఫిలడెల్ఫియాకు పంపి నల్లరంగు వేయించింది. ప్రాసిక్యూటర్‌కు అది రక్తపు మరకల్ని దాచడం. ఆమెకు అది భర్త పోయినప్పుడు కట్టాల్సిన నలుపు. రెండూ ఒకే కోటు మీద సరిపోయే అర్థాలే. విల్లీ తడబడతాడని ప్రాసిక్యూటర్ ఆశపడ్డాడు. అతను అమాయకుడని అందరూ అనుకున్నారు. తీరా బోనెక్కాక విల్లీ ప్రతి ప్రశ్నకూ నిదానంగా, సూటిగా జవాబిచ్చాడు. కార్డు మీద అతని వేలిముద్ర ఉందన్న వాదన, ఆ కార్డు అన్ని చేతులు మారాక, నిలబడలేదు.

డిసెంబర్ 3న జ్యూరీ ముగ్గురినీ నిర్దోషులంది. తర్వాత ఆ కుటుంబం పేపరు మీద పరువునష్టం దావా వేసింది, కోర్టు బయట రాజీ కుదిరింది. కోర్టు నిర్దోషులన్నవాళ్ల మీద వందేళ్ల తర్వాత వేలు చూపే హక్కు నాకు లేదు. 1964లో లాయర్ విలియం కున్‌స్లర్ ఈ కేసు మీద పుస్తకం రాస్తూ, ఇది కూ క్లక్స్ క్లాన్ పని అయి ఉంటుందన్నాడు. అప్పట్లో న్యూజెర్సీలో వాళ్ల జోరు బాగానే ఉండేది. నీతి తప్పినవాళ్లకు మేమే శిక్ష వేస్తామని బయల్దేరే మూక అది. ఆ మాటకూ రుజువు లేదు.

ఒక విషయం మాత్రం ఎవరి రుజువూ అక్కర్లేకుండా కళ్లకు కట్టినట్టు ఉంది. ఆ కోర్టుగదిలో హత్య మీద జరిగిన విచారణ ఒకటి, ఎలినార్ మీద జరిగిన విచారణ ఇంకొకటి. కలిగిన ఇంటి పరువు, చర్చి పరువు, ఊరి పరువు అన్నీ కలిసి ఆమెను ఒక మూలకు నెట్టాయి. హాల్‌ను మాయలో పడిన మంచివాడన్నవాళ్లు ఉన్నారు. ఆమెను మంచిదన్నవాళ్లు తక్కువ.

ఇక్కడే హార్డీ గుర్తొస్తాడు. టెస్ నవలను మొదట తీసుకోవడానికి పత్రికలు వెనకాడాయి. కొన్ని ఘట్టాలు తీసేస్తే తప్ప వారపత్రికలో సీరియల్‌గా వేయలేమన్నారు. అతను తీసేసి ఇచ్చి, పుస్తకంగా వేసేటప్పుడు వాటిని మళ్లీ చేర్చాడు. అంతేకాదు, తన కథానాయికను నిష్కళంక అని పుస్తకం పేరు కిందే రాశాడు. లోకం అతని మీద పడింది, అతను వెనక్కి తగ్గలేదు. 1895లో జూడ్ నవల వచ్చాక ఒక బిషప్ దాన్ని నిప్పుల్లో వేశానని ప్రకటించాడు. ఆ తర్వాత హార్డీ ఇంకో నవల రాయలేదు. కానీ ఉరికంబం ఎక్కిన పల్లెపిల్ల పక్షాన ఒక రచయిత నిలబడ్డాడన్నది చెరిగిపోలేదు. మనకూ అలాంటి రచయిత ఉన్నాడు. సోమర్‌విల్ తీర్పు వచ్చిన మరుసటి ఏడాదే, 1927లో, చలం మైదానం వచ్చింది. మొగుణ్ని వదిలిపెట్టిన రాజేశ్వరిని లోకం ఎన్ని మాటలన్నా ఆమె గొంతుతోనే ఆమె కథ చెప్పించాడు. ఎలినార్‌కు అలాంటి కలం దొరకలేదు. 1922 వేసవిలో జరిగే గాట్స్‌బీ నవల రాసేటప్పుడు స్కాట్ ఫిట్జెరాల్డ్ ఆ ఏడాది పేపర్లలో ఈ కేసు చదివి ఉంటాడని, దాని ఛాయలు అందులో ఉన్నాయని సారా చర్చ్‌వెల్ అనే పరిశోధకురాలు 2013లో ఒక పుస్తకమే రాసింది. ఆ నవలలో ఒకచోట సైమన్ కాల్డ్ పీటర్ పుస్తకం పేరు కూడా వస్తుంది. అంత గొప్ప నవలకు నీడనిచ్చిన మనిషికి, తన కథ తన వైపు నుంచి చెప్పేవాళ్లు మాత్రం దొరకలేదు.

సెప్టెంబర్ 14 అనే తేదీ చూసినప్పుడు తెలుగు పాఠకులకు ఇంకొకటి గుర్తుకు రావాలి. 2018లో అదే తేదీన మిర్యాలగూడలో, గర్భిణి అయిన భార్యతో ఆసుపత్రి నుంచి బయటికొస్తున్న ప్రణయ్‌ను పట్టపగలు నరికి చంపారు. ఆ ఇద్దరూ చట్టబద్ధంగా పెళ్లి చేసుకున్నవాళ్లు, ఎవరినీ మోసం చేయనివాళ్లు. అతను దళితుడు కావడమే నేరమైంది. ఆ కేసుకూ ఈ కేసుకూ తేడాలు చాలా ఉన్నాయి, వాటిని కలిపేయడం లేదు. కానీ ఆ తర్వాత మన సోషల్ మీడియాలో ఆ అమ్మాయి మీద పడిన మాటలు చదివినవాళ్లకు 1922 నాటి న్యూ బ్రన్‌స్విక్ కొత్తగా అనిపించదు. చంపించినవాళ్ల బాధను అర్థం చేసుకోమన్నవాళ్లు, బతికి బయటపడిన పిల్ల ముఖంలో దుఃఖం సరిపోలేదన్నారు. అయితే మిర్యాలగూడ కేసులో ఒకటి జరిగింది. 2025 మార్చి 10న నల్గొండ కోర్టు ఒకరికి ఉరిశిక్ష, ఆరుగురికి యావజ్జీవం విధించింది. ఆరున్నరేళ్లు పట్టింది, కానీ తీర్పు వచ్చింది. ఆ అమ్మాయి వెనక్కి తగ్గకపోవడం వల్ల వచ్చింది.

చార్లెట్ కూడా వెనక్కి తగ్గలేదు. ఆమెకు ఆ ఫలితం దక్కలేదు. జేన్ గిబ్సన్ 1930లో, హెన్రీ స్టీవెన్స్ 1939లో, ఫ్రాన్సెస్, విల్లీ ఇద్దరూ 1942లో, చార్లెట్ 1952లో, జేమ్స్ మిల్స్ 1965లో చనిపోయారు. ఏదైనా తెలిసినవాళ్లుంటే దాన్ని తమతోనే తీసుకుపోయారు.

పిస్కాటవే నుంచి ఎడిసన్ దాకా, సోమర్‌సెట్ నుంచి బ్రిడ్జ్‌వాటర్ గుడి దాకా ఇవాళ వేలాది తెలుగు కుటుంబాలు ఈ నేల మీద ఉన్నాయి. వాళ్ల పిల్లలు ఇక్కడే పుట్టి, ఇక్కడే ఎదిగి, ఇక్కడే ఎవరినో ప్రేమిస్తారు. కులం వేరు కావచ్చు, మతం వేరు కావచ్చు, దేశం వేరు కావచ్చు. మనవాళ్లేమనుకుంటారో అనే భయాన్ని మనం సూట్‌కేసులో పెట్టుకుని తెచ్చుకున్నామన్నది నిజం. ఒక పెళ్లి కుదరకపోయినా, విడాకులైనా ముందు ఆడపిల్లనే నిలదీసే అలవాటు కూడా మనతోపాటే వచ్చింది. తల్లిదండ్రులకు నా విన్నపం ఒకటే. మీ ఇంట్లో ఎవరైనా ఒక కాగితం ముక్క కత్తిరించి, దీన్ని ఒకసారి చదవండి అని మీ ముందు పెడితే, దయచేసి చదవండి. కూర్చోబెట్టి మాట్లాడండి. చాటుగా ఒంటరి దారిలోకి వెళ్లాల్సిన అవసరం వాళ్లకు రానివ్వకండి.